దస్తావేజుల రాతకు లిబ్రే ఆఫీస్ రైటర్: ఏళ్ల తరబడి వాడిన మీదట

చిత్తూరులో దస్తావేజులు రాయడం నా వృత్తి. క్రయ దస్తావేజులు, భాగ పరిష్కారాలు, దాన సెటిల్‌మెంట్లు, వీలునామాలు అన్నీ చాలా ఏళ్లుగా లిబ్రే ఆఫీస్ రైటర్ అనే, కంప్యూటరులో పత్రాలు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లోనే తయారు చేస్తున్నాను. ఇది ఉచితంగా దొరుకుతుందని చాలామంది వాడతారు. ఖాతా తెరవమని అడగదు, నెట్ తీసేసినా పూర్తిగా పని చేస్తుంది, ప్రకటన ఒక్కటీ చూపదు అన్నందుకు నేను వాడుతున్నాను.

క్రయ దస్తావేజు రిజిస్టరు అయ్యాక దాని నకలును ఎవరైనా రుసుము కట్టి తీసుకోవచ్చు. వీలునామా సంగతి అలా కాదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 57వ సెక్షను ప్రకారం, రాసిన వ్యక్తి బతికి ఉన్నంతకాలం ఆ నకలును ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప కన్నకొడుకు వచ్చి అడిగినా ఇవ్వరు. గుడిపాల వైపు నుంచి వచ్చే పెద్దాయన తలుపు దగ్గరికి వేయించి, "ఈ సంగతి మా పెద్దోడికి తెలియకూడదు నాయనా" అని చెప్పి మరీ రాయిస్తాడు. చట్టమే అంత గుట్టుగా కాపాడే కాగితాన్ని, అక్షరదోషాలు దిద్దించుకోవడం కోసం ఎక్కడో ఉన్న సర్వరుకు పంపడం నాకు బొత్తిగా సమ్మతం కాదు.

ఫోనులో కొంతకాలం ఒక ఉచిత తెలుగు కీబోర్డు వాడాను. పదాలు సూచించే పట్టీలోనే దాని ప్రకటనలు వచ్చేవి. ఒకసారి తాకట్టు దస్తావేజు చిత్తుప్రతిని అందులో టైపు చేసిన సాయంత్రమే బంగారు రుణాల ప్రకటనలు వరుసకట్టాయి. నేను కొట్టిన మాటలే కారణమని రుజువు చేయలేను. ఫోనుకు ఉండే ప్రకటనల ఐడీ, మనం తిరిగిన వెబ్‌సైట్లు, మనం ఉన్న ఊరు, ఇవన్నీ కలిపి చూసి, పేజీ తెరుచుకునే రెప్పపాటులోనే ప్రకటన చోటుకు కంపెనీల మధ్య వేలం నడిపి ప్రకటన పెట్టే ఏర్పాటు ఉంది కాబట్టి, ఆ దారిలోనైనా వచ్చి ఉండవచ్చు. అయితే బయటి కీబోర్డును ఎంచుకునేటప్పుడు, పాస్‌వర్డులతో సహా టైపు చేసేదంతా ఇది సేకరించగలదని ఆండ్రాయిడే హెచ్చరిస్తుంది. 2017లో ఏఐ.టైప్ అనే కీబోర్డు సంస్థ డేటాబేసుకు పాస్‌వర్డు రక్షణ లేక, సుమారు 3.1 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయి. నా ఫోనులో ఉన్న కీబోర్డును నేను తీసేశాను.

అదే ఏడాది, ప్రకటనల కోసం జీమెయిల్ ఉత్తరాలను చదవడం మానేస్తామని గూగుల్ ప్రకటించింది. అది మంచి నిర్ణయమే. కానీ నిబంధనలు రేపు మార్చుకునే అధికారం వాళ్ల చేతిలోనే ఉంటుంది. నెట్ లేకుండా నడిచే రైటర్ విషయంలో ఎవరి హామీతోనూ నాకు పని లేదు.

అలాగని దీన్ని కళ్లు మూసుకుని నమ్మమని అనను. వాడుక సమాచారాన్ని దీని వెనుక ఉన్న సంస్థ ది డాక్యుమెంట్ ఫౌండేషన్‌కు పంపే సదుపాయం ఇందులోనూ ఉంది, మనం ఒప్పుకుంటేనే పంపుతుంది. లాంగ్వేజ్‌టూల్ అనే వ్యాకరణ సేవను ఆన్ చేస్తే మాత్రం రాసినది సర్వరుకు వెళుతుంది, దాన్ని ముట్టుకోకండి. అంతకంటే పెద్ద ప్రమాదం మన అలవాటులోనే ఉంది. పాత దస్తావేజును నమూనాగా తెరిచి, పేర్లూ సర్వే నంబర్లూ హద్దులూ మార్చి కొత్తది తయారు చేయడం మాలో అందరూ చేసే పనే. చెరిపినవీ చేర్చినవీ ఫైలులోనే గుర్తుంచుకునే మార్పుల నమోదు (ట్రాక్ చేంజెస్) ఆన్‌లో ఉందంటే, తెర మీద కనిపించకుండా దాచిపెట్టినా, చెరిపేసిన పాత పార్టీ ఆధార్ నంబరు ఫైలులో అలాగే ఉంటుంది. కొత్త పార్టీ వాళ్ల బెంగళూరు కొడుక్కి ఆ ఫైలు మెయిల్ చేస్తే వేరెవరి వివరాలో అతని చేతికి వెళ్లినట్టే. అందుకే నేను మార్పులన్నీ ఆమోదించి, ఫైలు ప్రాపర్టీస్‌లో పాత పేరు తుడిచి, పీడీఎఫ్ చేసి పంపుతాను. సేవ్ చేసేటప్పుడు వ్యక్తిగత వివరాలు తొలగించే సెట్టింగు సెక్యూరిటీ విభాగంలో ఉంది. వీలునామాలకు పాస్‌వర్డు కూడా పెడతాను, అది మరిచిపోతే ఫైలు దక్కదు కాబట్టి కాగితం మీద రాసి బీరువాలో ఉంచుతాను.

లోపాలూ తక్కువేం కాదు. తెలుగు అక్షరాలకు ఒక ఫాంటు, ఇంగ్లీషు అక్షరాలకు మరొకటి విడివిడిగా పెట్టాలి, మొదట్లో ఇది విసిగిస్తుంది. విభక్తులు చేరిన తెలుగు మాటలకు స్పెల్లింగు పరీక్ష అనవసరంగా ఎర్రగీతలు గీస్తుంది, అందుకని దాన్ని ఆపేశాను. అను అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైళ్లు, ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా తెరుచుకుంటాయి. వకీళ్లు వర్డులో పంపిన షెడ్యూలు (ఆస్తి వివరాల) పట్టికల గీతలు అప్పుడప్పుడు పక్కకు జరుగుతాయి. తెలుగులో చెబితే టైపు చేసే సౌకర్యం ఇందులో లేదు. అలాంటి ఆన్‌లైన్ సేవలు గొంతును సర్వరుకు పంపుతాయి కనుక, వీలునామా చెప్పేవారి మాటలను మొదట కాగితం మీద రాసుకుని తరువాతే టైపు చేస్తున్నాను. ఆలస్యమవుతుందని వెళ్లిపోయిన పార్టీలూ ఉన్నారు. అయినా పద్ధతి మార్చలేదు.