పాత వ్యాన్ వెనక చిన్న ట్రైలర్: తొమ్మిది రోజులు, మూడు మజిలీలు

మా వ్యాన్‌కి పదహారేళ్లు. 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఇంజన్ శబ్దంలో ఏ కొంచెం తేడా వచ్చినా పిల్లలు కూడా పట్టేసేంత అలవాటైన బండి. దాని వెనక చిన్న ట్రైలర్ ఒకటి కట్టుకుని నేనూ, మా ఆవిడా, పిల్లలిద్దరూ తొమ్మిది రోజులు తిరిగొచ్చాం. మొత్తం 1,400 కిలోమీటర్లు, మధ్యలో ఒక పెద్ద కొండ దారి. బయల్దేరే ముందు అందరూ అడిగింది ఒకటే, "అంత పాత బండి లాగుతుందా?" అని. ఇంజన్ లాగుతుందని నాకు తెలుసు. వెనక స్ప్రింగులు మోస్తాయా, బ్రేకులు ఆపుతాయా, గేర్‌బాక్స్ ఆ వేడికి తట్టుకుంటుందా, ఇవే నన్ను రెండు నెలలు సరిగ్గా నిద్రపోనివ్వలేదు.

బండి తయారీ సంగతే ముందు చెబుతాను. ప్రయాణం బాగా జరగడానికి సగం కారణం అదే.

మా వ్యాన్ పుస్తకంలో 1,590 కిలోల దాకా లాగొచ్చని రాసి ఉంది. ట్రైలర్ ఖాళీ బరువు 900 కిలోలు. ఈ రెండు అంకెలే చూసుకుంటే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్ మీద ఇంకో అంకె ఉంటుంది: మనుషులు, సామాన్లు, అన్నీ కలిపి వ్యాన్ ఎంత మొయ్యగలదో అది. మా వ్యాన్‌కి 520 కిలోలు. ట్రైలర్ ముక్కు హిచ్ బాల్ మీద, అంటే వ్యాన్ వెనక దాన్ని తగిలించే ఇనుప గుండు మీద మోపే బరువు కూడా ఇందులోంచే పోవాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముక్కు మీద ఉండాలి. అంతకన్నా తగ్గితే ట్రైలర్ రోడ్డు మీద పాము లాగా ఊగుతుంది, మరీ ఎక్కువైతే వ్యాన్ వెనక కుంగి ముందు చక్రాలు తేలిపోతాయి. నలుగురు మనుషులు, హిచ్ ఇనుము, సామాన్లు, పైన ఈ ముక్కు బరువు కలిపితే 520 ఎంత తొందరగా నిండిపోతుందో కాగితం మీద వేసుకున్నాకే నాకు అర్థమైంది.

మొదట వెళ్లిన వర్క్‌షాప్ వాళ్లు హిచ్ గట్టిగానే బిగించారు. కరెంటు పని మాత్రం పాడుచేశారు. వ్యాన్ టెయిల్ లైట్ల వైర్లు కత్తిరించి, ట్రైలర్ లైట్ల వైర్లు నేరుగా వాటికే చుట్టి టేపు వేసేశారు. మూడో రోజుకి ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైట్ మిణుకుమంది, ఐదో రోజుకి ఫ్యూజు కొట్టేసింది. పాత బండి వైరింగు తన లైట్ల వరకే సరిపెట్టుకుంటుంది, ట్రైలర్ లైట్ల కరెంటు కూడా దాని గుండానే పోవాలంటే తట్టుకోదు. రెండో మెకానిక్ అదంతా పీకేసి, బ్యాటరీ నుంచి నేరుగా, మధ్యలో ఫ్యూజు పెట్టి కరెంటు తీసుకునే కన్వర్టర్ బాక్సు బిగించాడు. వ్యాన్ వైర్ల నుంచి దానికి సంకేతం మాత్రమే అందుతుంది. ఎర్తు వైరు బిగించే చోట తుప్పు గీకి, మెరిసే ఇనుము కనపడ్డాకే బోల్టు వేశాడు. ఆ తర్వాత ప్రయాణం మొత్తంలో ఒక్క లైటు కూడా మొరాయించలేదు.

గేర్‌బాక్స్ ఆయిల్ మార్చేటప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. మెకానిక్ అడుగు పాన్ విప్పి, లోపల ఇనుప రజను పట్టే అయస్కాంతం నా అరచేతిలో పెట్టాడు. దాని మీద బూడిద రంగు పేస్టు, వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా, కాటుక లాగా ఉంది. "ఇలా ఉంటే పరవాలేదండీ, అరుగుదల మామూలే. పలుకులు తగిలితే మాత్రం ట్రైలర్ ఆలోచన మానుకోండి" అన్నాడు. ఒక్కసారి పాన్ తీస్తే పాత ఆయిల్ అంతా రాదు, చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే, అంటే ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగంలోనే ఉండిపోతుంది. అందుకని కొన్ని వందల కిలోమీటర్ల తేడాతో మూడుసార్లు తీసి పోశాడు. రేడియేటర్ ముందు ఆయిల్‌కి విడిగా ఒక చిన్న కూలర్ కూడా పెట్టించాను. ట్రైలర్ లాగే పాత బండికి డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలిగితే ఈ కూలర్ మీదే పెట్టండి అని నేను గట్టిగా చెబుతాను. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ని చంపేది వేడే.

బ్రేక్ ఆయిల్ కూడా పూర్తిగా మార్పించాం. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, నీరు చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. కొండ దిగేటప్పుడు బ్రేకులు కాలి ఆయిల్ మరిగితే పెడల్ నేలకి దిగిపోతుంది, బండి ఆగదు. ట్రైలర్‌కి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి కాబట్టి డాష్‌బోర్డు కింద వాటిని నడిపే కంట్రోలర్ ఒకటి బిగించాం. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు అవే పట్టేసే పిన్ను కూడా ఇంటి ముందే లాగి చూసుకున్నాను. ట్రైలర్ టైర్లు గీతలు చూస్తే కొత్తవాటిలా ఉన్నాయి. పక్కన అచ్చు వేసిన చివరి నాలుగు అంకెలు మాత్రం 2316, అంటే 2016లో 23వ వారంలో తయారైనవి. ట్రైలర్ టైర్లు అరగకముందే ముసలివైపోతాయి. రెండూ మార్చేశాను.

వెనక స్ప్రింగుల లోపల గాలి తిత్తులు పెట్టించాం. అవి లేకుండా ట్రైలర్ తగిలిస్తే వెనక 6 సెంటీమీటర్లు కుంగింది, పెట్టాక 3. చక్రం పైన తొట్టి అంచు నుంచి నేల దాకా టేపుతో మా ఆవిడే కొలిచి నోట్‌బుక్‌లో రాసింది. తిత్తులు బండిని నిటారుగా నిలబెడతాయి తప్ప మోసే పరిమితిని ఒక్క కిలో కూడా పెంచవు. ఇది మరిచిపోయి బరువు ఎక్కిస్తే ప్రమాదం.

మొదటి రోజు అన్నిటికన్నా ముందు ఆగింది లారీలు తూచే కాటా దగ్గర. ప్రయాణంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన చోటు అదే. నలుగురమూ ఎక్కి, సామాన్లతో వ్యాన్ ఒక్కటే తూయిస్తే 2,470 కిలోలు. ట్రైలర్ తగిలించి, దాని చక్రాలు కాటా బయట ఉంచి తూస్తే వ్యాన్ 2,630. ఆ తేడా 160 కిలోలే ముక్కు బరువు. తర్వాత ట్రైలర్ చక్రాలు మాత్రం కాటా మీద పెడితే 1,110. మొత్తం ట్రైలర్ 1,270 కిలోలన్నమాట. లాగే పరిమితికి ఇంకా 300 కిలోలకి పైగా చోటుంది. వ్యాన్ మాత్రం సొంత బరువుతో కలిపి తనకున్న 2,600 కిలోల పరిమితి దాటి 30 కిలోలు ఎక్కువ ఉంది.

"ఏమండీ, నీళ్ల ట్యాంకు నిండా ఉంది కదా, అదే 90 కిలోలు" అంది మా ఆవిడ నోట్‌బుక్ తిప్పుతూ. మా ట్యాంకు ఇరుసుకి ముందు ఉంటుంది, దాని బరువు కొంత ముక్కు మీదే పడుతుంది. నీళ్లు వదిలేశాం. వ్యాన్ వెనక ఉన్న పనిముట్ల పెట్టె, మడత కుర్చీలు కలిపి 30 కిలోలు తీసి ట్రైలర్‌లో సరిగ్గా ఇరుసు మీద నేలకి ఆనించి కట్టాం. మళ్లీ తూస్తే వ్యాన్ 2,580, ట్రైలర్ 1,210, ముక్కు 140. కాటా దగ్గర కూర్చున్న పెద్దాయన ఎన్నిసార్లు తూచమన్నా విసుక్కోలేదు. వెనక లారీలుంటే మమ్మల్ని పక్కకి ఆపి, ఖాళీ కాగానే పిలిచాడు. అలాంటి ఓపిక అరుదు.

80 కిలోమీటర్లు పోయాక ఆగి ట్రైలర్ చక్రాల నట్లు మళ్లీ బిగించాను. రెండు నట్లు పావు తిప్పు తీసుకున్నాయి. ఆగిన ప్రతిచోటా రెండు చక్రాల మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూసేవాణ్ని. రెండూ ఒకేలా వెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టనివ్వకపోతే బేరింగో, బ్రేకో పట్టేస్తోందని అర్థం.

మొదటి రాత్రి అడవి అంచున ఉన్న క్యాంపు. చెట్ల నీడ, నిశ్శబ్దం, పొద్దున్నే పిట్టల గోల. చోటు అందంగా ఉంది, కానీ కొత్తగా ట్రైలర్ కట్టినవాళ్లకి మొదటి రాత్రికి తగదు. లోపలి దారి సన్నం, మలుపు మీద మలుపు. మాకిచ్చిన చోటులోకి వెనక్కే వెళ్లాలి, పైగా నేల ఎడమకి వాలు. పాతిక నిమిషాలు పట్టింది. స్టీరింగ్‌ని అడుగున పట్టుకుంటే చెయ్యి ఎటు జరిపితే ట్రైలర్ వెనక అటే తిరుగుతుంది. ఈ ఒక్క సూత్రం గుర్తొచ్చాకే పని జరిగింది. మా ఆవిడ వెనక నిలబడి ఫోన్లో "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగండి" అంటూ దారి చూపింది. ట్రైలర్ విప్పే ముందే చక్రాలకి రెండువైపులా అడ్డు చెక్కలు పెట్టాలి. వాలు మీద ఇది మరిస్తే ట్రైలర్ మన మాట వినదు. మూలల్లో ఉండే సన్నటి జాకీలు కదలకుండా ఆనించడానికే, బండి లేపడానికి కాదు. పక్క చోటులో ఒకాయన వాటితోనే లేపబోయి ఒకటి వంచేసుకున్నాడు.

రెండో మజిలీ హైవే పక్కన. ముందు నుంచి దూరి ముందుకే బయటికి వచ్చే చోట్లు. ట్రైలర్ విప్పే పనే లేదు. రాత్రంతా లారీల మోత, చెట్టన్నది లేదు. అయినా రెండు రాత్రులూ నేను హాయిగా నిద్రపోయాను, ఎందుకంటే ఇక్కడ మనుషులు పని తెలిసినవాళ్లు. కరెంటు పెట్టెలో మా టెస్టర్ గుచ్చితే వైర్లు తారుమారుగా ఉన్నట్టు చూపించింది. వెళ్లి చెబితే వాదించకుండా ఐదు నిమిషాల్లో వేరే చోటికి మార్చి, ఆ పెట్టెకి తాళం వేశారు. స్నానాల గదులు శుభ్రం. మురుగు ట్యాంకు ఖాళీ చేసే చోట కడగడానికి విడిగా గొట్టం ఉంది, తాగునీటి కొళాయికి దూరంగా. చిన్న విషయంలా కనపడుతుంది గానీ నేను ఇప్పుడు ఏ క్యాంపుకి వెళ్లినా ముందు ఇదే చూస్తాను.

తర్వాతది కొండ. వ్యాన్ కంప్యూటర్ ప్లగ్గుకి తగిలించిన చిన్న రీడర్‌తో గేర్‌బాక్స్ వేడి ఫోన్లో చూస్తూ ఎక్కాను. చదును మీద 85, 88 డిగ్రీలు. ఎక్కుడు మొదలై పది నిమిషాలు కాకముందే 112. బండి నాలుగో గేరులో మూలుగుతూ, టార్క్ కన్వర్టర్ లాక్ పడకుండా జారుతోంది. ఆ జారుడే వేడి. గేరు నేనే రెండుకి దించి, వేగం 45కి తగ్గించాను. ఇంజన్ శబ్దం పెరిగింది, పిల్లలు కంగారుపడ్డారు. వేడి మాత్రం మెల్లగా 101కి దిగింది. వెనక వచ్చేవాళ్లకి దారి ఇవ్వడానికి రెండుచోట్ల పక్కకి తీశాను. అందులో నామోషీ ఏమీ లేదు. దిగేటప్పుడూ అదే గేరు. బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకుండా, గట్టిగా కాసేపు నొక్కి వదిలేస్తూ వచ్చాను. కింద ఆగి దిగితే చక్రాల దగ్గర కాలిన వాసన లేదు. మూడు నెలల కిందటి పాత బ్రేక్ ఆయిల్‌తో ఈ దారి దిగడం ఊహించుకోలేను.

కొండ అవతల సరస్సు ఒడ్డున నాలుగు రాత్రులు. కరెంటు లేదు, చోటు దగ్గర నీళ్లూ లేవు. గేటు దగ్గర ట్యాంకు నింపుకుని నెమ్మదిగా అర కిలోమీటరు లోపలికి వెళ్లాలి. 90 లీటర్లు నలుగురికి జాగ్రత్తగా వాడితే రెండు రోజులొచ్చాయి. గేటు మనిషి మా బండిని ఒకసారి చూసి, వాలు లేని చోటు తనే ఏరి ఇచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు ఎక్కుడు ఎక్కడ తీవ్రమో, ఎక్కడ ఆగే వీలుందో చెప్పింది. మూడు మజిలీల్లో మళ్లీ వెళ్లాలనిపించేది ఇదే. సాయంత్రం ట్రైలర్ గుమ్మంలో కూర్చుంటే నీళ్ల మీద ఎండ మా పాత వ్యాన్ అద్దాల దాకా వచ్చేది.

ఆఖరి రాత్రికి మళ్లీ హైవే పక్కనే దిగాం. అక్కడ ముందే తెలిసిన చోటు, ముందే తెలిసిన కరెంటు పెట్టె.

ఇంటికొచ్చిన వారానికి గేర్‌బాక్స్ పాన్ మళ్లీ విప్పించాను. ఆయిల్ ఎరుపు కొంచెం ముదిరింది, మాడు వాసన లేదు. అయస్కాంతం మీద పల్చటి బూడిద పేస్టు, వేళ్ల మధ్య రుద్దితే పలుకులేవీ తగల్లేదు. ట్రైలర్ ఎడమ చక్రం గ్రీజు సీలు కింద మాత్రం వేలెడంత మరక ఉంది. దాన్ని ఆదివారం విప్పుతున్నాం.