నాలుగేళ్లుగా ఎస్‌ఎం58తో: విద్యానగర్ ఫ్లాట్‌లో పాటల రికార్డింగ్

మొదట కొన్నది కండెన్సర్ మైక్, చిన్న చప్పుడునూ పట్టేసే రకం. దాంట్లో పాట కన్నా ముందు మా వీధి రికార్డయింది. పై ఫ్లాట్ మిక్సీ, కూరగాయల బండి మైకు, ఎంఎంటీఎస్ హారన్, అన్నీ స్పష్టంగా. ఆరు నెలలు చూసి అమ్మేసి, షూర్ ఎస్‌ఎం58 తెచ్చుకున్నాను. 1966 నుంచి స్టేజీల మీద కనిపిస్తున్న ఆ జాలీ గుండు మైకే. దీనికి వినికిడి కాస్త మందం. మా ఇంటికి కావలసిందీ అదే.

ఆ మందం వల్లే గెయిన్, అంటే మైక్ నుంచి వచ్చే శబ్దాన్ని పెంచే మోతాదు, ఎక్కువ ఇవ్వాలి. నా పాత ఇంటర్‌ఫేస్‌లో (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) నాబ్ చివరిదాకా తిప్పితే సుయ్‌మనేది. మైక్ కొనేముందు మీ ఇంటర్‌ఫేస్ ఎంత గెయిన్ ఇస్తుందో చూసుకోండి, 60 డీబీ ఉంటే నిశ్చింత. 24 బిట్ రికార్డింగ్‌లో పీక్స్, అంటే గొంతు బాగా పెరిగిన చోట్లు, మీటర్ మీద మైనస్ 12 డీబీ దగ్గర ఆగినా చాలు, ఎరుపు దాకా నెట్టక్కర్లేదు.

ఇది కార్డియాయిడ్, వెనక వైపు నుంచి వచ్చేది తక్కువ వింటుంది. అందుకే మైక్ వీపు కిటికీ వైపు పెడతాను. అప్పుడు పాడేవాళ్ల ముఖం కిటికీకేసి ఉంటుంది, మైక్ చూసేది వాళ్లనూ వాళ్ల వెనక గోడనూ. బొంత కట్టాల్సింది ఆ గోడకే. నేను ఏడాదిపాటు మైక్ వెనక ఫోమ్ అంటించి మురిసిపోయాను!

అక్క కూతురు తారస్థాయి షడ్జమం అందుకున్నప్పుడల్లా సన్నగా 'గీం' అని వినిపించేది. ఈక్యూలో (హెచ్చు, తగ్గు స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే సాధనం) దాని వెంటపడి రెండు వారాలు పోయాయి. చివరికి దొరికింది బీరువా తలుపు. సందులో న్యూస్‌పేపర్ మడిచి దూర్చాను, అంతే.

తెలుగులో మహాప్రాణాలతో మరో తంటా. 'భద్రాచలం' అనగానే మొదటి అక్షరానికే మైక్ దద్దరిల్లుతుంది. జాలీ లోపలి ఫోమ్ ఒక్కటే సరిపోదు. మైక్‌ను నోటికెదురుగా కాకుండా పెదవి చివరికి గురిపెట్టి, నాలుగు వేళ్ల దూరంలో పాడించండి. ఇంకా దగ్గరికి జరిగితే బేస్ ఉబ్బుతుంది. మిక్సింగ్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేస్తే కొంత తగ్గుతుంది కానీ, ఊదిన గాలి పూర్తిగా పోదు.

మిక్సింగ్‌లో నా పని తక్కువే. గొంతు గుచ్చుకుంటుంటే 5 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు డీబీ దించుతాను, ఎందుకంటే ఈ మైక్ ఆ చుట్టుపక్కల కాస్త ఎత్తి చూపిస్తుంది. గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ 3:1 దగ్గర ఉంచుతాను. ముందు మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకటిగా), ఆ తర్వాత ఫోన్ స్పీకర్లో వింటాను. మా బంధువులు వినేది అందులోనే కదా. రివర్బ్, అంటే పెద్ద గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని, చాలు అనిపించాక ఇంకాస్త తగ్గిస్తాను.

కొరత లేదని కాదు. 15 కిలోహెర్ట్జ్ పైన దీనికి పెద్దగా వినపడదు, ఆ మెరుపు ఈక్యూతో ఎంత పెంచినా రాదు. వీణకైతే అసలు వద్దు, మీటు మెత్తనైన చోట సుయ్ శబ్దమే పైకి తేలుతుంది. కొనేటప్పుడు జాగ్రత్త, నకిలీలు చాలా ఉన్నాయి. నేనూ ఒకసారి సగం ధరకు ఆశపడ్డాను. చేతిలో తేలిగ్గా ఉన్నప్పుడే అనుమానం రావాల్సింది.

ఫ్యాన్ గొడవకు మాత్రం మందు దొరకలేదు. మే నెలలో టేక్‌కు ముందు స్విచ్ ఆపుతాం, రెండు చరణాలయ్యేసరికి పిల్ల చున్నీ విసురుకోవడం మొదలుపెడుతుంది, ఆ చప్పుడు మాత్రం ఈ మైక్ చక్కగా వింటుంది.