టిష్యూ పెట్టె ఎవరి వైపు: ఒక కౌన్సెలింగ్ కేంద్రంపై సమీక్ష

మా మామగారు పోయిన ఐదో నెలలో నేనూ మా వారూ హైదరాబాదులోని ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాము. మూడు నెలల్లో ఆరుసార్లు వెళ్ళిన అనుభవంతో ఇది రాస్తున్నాను. లోపాలు కూడా చెబుతున్నాను కనుక పేరు రాయడం లేదు. యాభై నిమిషాలకు 1,200 రూపాయలు తీసుకుంటారు, చెప్పిన సమయానికే పిలుస్తారు, లోపలి మాట బయటకు వినిపించదు. వీటిలో వంక పెట్టడానికి లేదు.

వంక మొదటి రోజు చేతికిచ్చిన పత్రంతో మొదలైంది. అది కుంగుబాటును కొలవడానికి 1999లో అమెరికాలో రూపొందిన పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి తెలుగు అనువాదం. గత రెండు వారాల్లో తొమ్మిది రకాల ఇబ్బందులు ఎంత తరచుగా కలిగాయో చెబితే సున్నా నుంచి 27 వరకు మార్కులు వేస్తారు. నాకు 14 వచ్చాయి, ఆయనకు 6. అంటే నా కుంగుబాటు మధ్యస్థం, ఆయనది స్వల్పం. అప్పటికి ఆయన పాలవాడి మీద, పిల్లాడి మీద, చివరికి ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడి మీద కూడా అరుస్తున్నారు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందంటే ఈసీజీ తీయించి, ఏమీ లేదన్న మాటతో తిరిగి వచ్చాము. ఆ తొమ్మిది ప్రశ్నల్లో కోపం గురించి గానీ, గుండెల మీది బరువు గురించి గానీ ఒక్కటీ లేదు. పైగా ఆ పత్రంలోని ‘నిస్పృహ’ అన్న మాటను మా ఇంట్లో ఎవరూ, ఎన్నడూ పలికిన గుర్తు లేదు.

మొదటి మూడుసార్లు మాతో మాట్లాడిన యువ కౌన్సెలర్ మంచివాడే. కానీ నేను నోరు తెరవకముందే టిష్యూ పెట్టెను నా వైపు జరిపి, మంచినీళ్ళ గ్లాసును ఆయన వైపు పెట్టాడు. ‘మేడమ్ బాగా డౌన్‌గా ఉన్నారు, మీరు కొంచెం స్ట్రాంగ్‌గా ఉండాలి సర్’ అన్నాడు. ‘పెద్దకొడుకువి, నువ్వే ఇలా అయిపోతే అమ్మకు ధైర్యం ఎవరు చెబుతారురా’ అని శ్మశానం దగ్గర బంధువులు అన్న మాట కూడా ఇదే. అక్కడ దానికి డబ్బు తీసుకోలేదు.

ఏ సందర్భంలో, ఎవరి ముందు, ఏ భావాన్ని ఎంతవరకు చూపవచ్చో నిర్ణయించే కట్టుబాట్లకు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాల్ ఎక్‌మన్, వాలెస్ ఫ్రీసెన్ 1969లోనే ‘ప్రదర్శన నియమాలు’ అని పేరు పెట్టారు. మనకైతే ‘నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మరాదు’ అన్న సామెత అంతకుముందే ఉంది. మామగారు పోయిననాడు ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్ళు అత్తయ్యను పట్టుకుని, ఆయన గుణగణాలన్నీ ఏకరువు పెడుతూ, శోకాలు తీసి ఏడ్చారు. ఆ రాత్రి ఆవిడ కాస్త నిద్రపోయింది. కర్మ చేసిన కొడుక్కి మాత్రం పదకొండు రోజులూ చేయాల్సిన పనే తప్ప ఏడ్చే వేళ దొరకలేదు. ఇది ఒక్క మా ఇంటి సంగతి అయితే సమీక్షలోకి తెచ్చేదాన్ని కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవారే. దానికి కారణాలు ఎన్నో ఉంటాయి గానీ, ఏడవని మనిషికి తక్కువ మార్కులు వేసే చోట ఈ లెక్క గుర్తుకు రాక మానదు.

నిరీక్షణ గదిలోని భావాల పటం ఇంకో విచిత్రం. ‘కోపం’ కింద మీసాలున్న ముఖం, ‘అసూయ’ కింద బొట్టూ జడా ఉన్న ముఖం వేశారు. ‘అలక’ అసలు లేనేలేదు. తెలుగింట అది లేకుండా పండగ గడుస్తుందా!

నాలుగోసారి యువకుడు సెలవులో ఉండడంతో ఒక పెద్దావిడ మాట్లాడారు. పత్రం ముట్టుకోలేదు. ‘నాన్నగారి వస్తువులు ఇంట్లో ఏమున్నాయి బాబూ?’ అని అడిగారు. మోపెడ్ ఉందని, ఎవరూ నడపకపోయినా ఆదివారం ఆదివారం తుడుస్తానని ఆయన చెప్పారు. ఆ సంగతి నాకే తెలియదు. ‘బెంగగా ఉందా?’ అన్నారావిడ. ఆయన తలూపి, చాలాసేపు నేల చూస్తూ కూర్చున్నారు. తరువాత ఆవిడ నా వైపు తిరిగి, ‘ఎవరి మీదమ్మా కోపం?’ అన్నారు. ఆస్పత్రి ఖర్చు దగ్గర మొహం చాటేసిన చుట్టాల పేర్లు నా నోటి వెంట వరసగా వచ్చాయి. అయిదు నెలలుగా నేను ఏడుస్తున్నది సగం వాళ్ళ మీది కోపంతోనే.

ఐదుకు మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆ పెద్దావిడవి. ఆవిడ శనివారాలు మాత్రమే ఉంటారు కనుక వెళ్ళదలచినవారు ఇలాంటి చోట ఫోను చేసినప్పుడే, తెలుగులో మాట్లాడే అనుభవజ్ఞులు ఎవరున్నారో అడిగి సమయం తీసుకోవడం మంచిది. అంత ఖర్చు పెట్టుకోలేనివారికి కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. మా వారు ఇప్పుడు నెలకొకసారి ఒక్కరే వెళ్ళి వస్తున్నారు. గోడ మీది పటం మాత్రం ఇంకా మార్చలేదట.