బాబాయికి ఏ .22 రివాల్వర్ ఇస్తే మేలు?

రివాల్వర్ బహుమతి ఇద్దామనుకునేవాళ్ళు సాధారణంగా కంపెనీ పేరు దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం పుచ్చుకునేవాళ్ళ వేళ్ళు చూడమంటాను. మా బాబాయికి అరవై దాటాయి. అమెరికా పౌరసత్వం వచ్చి చాలా ఏళ్ళయింది. రిటైరయ్యాక స్నేహితులతో రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటుకి) వెళ్ళడం మొదలుపెట్టి, ఇప్పుడు దాని మీద నిజంగా మనసు పడ్డారు. కాకపోతే కుడిచేతి చూపుడువేలి కణుపు వాచి ఉంటుంది. కీళ్ళవాతం. బొటనవేలు మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. ఈ చిన్న తేడాయే మొత్తం ఎంపికని మార్చేసింది.

నేను పోల్చి చూసినవి మూడు: రూగర్ ఎల్‌సీఆర్ .22, స్మిత్ అండ్ వెసన్ మోడల్ 617, రూగర్ రాంగ్లర్. రాంగ్లర్ పక్కనే దాని అన్నలాంటి సింగిల్ సిక్స్‌ని కూడా చూడాల్సి వచ్చింది.

ముందు .22 గురించి ఒక మాట. అది తూటా అడ్డుకొలత, అంగుళాల్లో. ఈ తూటాలు రిమ్‌ఫైర్ రకం. రిమ్‌ఫైర్ తూటాకి అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ ఉండదు. నిప్పు పుట్టించే మందు ఇత్తడి గొట్టం అంచు లోపల చుట్టూతా ఉంటుంది. ఆ అంచు నలిగితేనే తూటా పేలుతుంది. 1857లో స్మిత్ అండ్ వెసన్ తన తొలి రివాల్వర్‌ని .22 షార్ట్ అనే తూటాతో తెచ్చినప్పుడూ ఇదే పద్ధతి, 1887 నాటి .22 లాంగ్ రైఫిల్ అనే తూటాకీ ఇదే పద్ధతి. మనం ఇవాళ రేంజ్‌లో కాల్చేది ఆ లాంగ్ రైఫిలే. బుల్లెట్ బరువు మామూలుగా 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. పేలినప్పుడు తుపాకీ చేతిని వెనక్కి తన్నడం దాదాపు ఉండదు, ఖర్చూ తక్కువే. పెద్దవాళ్ళకీ కొత్తవాళ్ళకీ అందరూ .22 చెప్పేది ఇందుకే.

అయితే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇత్తడి అంచుని నలగ్గొట్టాలంటే హ్యామర్ (వెనక నుంచి దెబ్బ వేసే సుత్తి) గట్టిగా పడాలి. గట్టిగా పడాలంటే స్ప్రింగు బలంగా ఉండాలి. ఆ స్ప్రింగుని వెనక్కి లాగేది మన చూపుడువేలే. అందుకే ఒకే మోడల్‌లో .38 అనే పెద్ద తూటా రకం కన్నా .22 రకం ట్రిగ్గరే బరువుగా ఉండటం మామూలు. తన్ను తక్కువ కదా, చిన్నది కదా అని కీళ్ళనొప్పులున్న పెద్దాయనకి .22 కొనిచ్చి, తీరా ఆయన ట్రిగ్గర్ లాగలేక అవస్థపడటం ఇలాగే జరుగుతుంది.

ఎల్‌సీఆర్ విషయంలో నా అభ్యంతరం అదే. వస్తువుగా చూస్తే చాలా చక్కనిది. దాదాపు 15 ఔన్సులు, అంటే 425 గ్రాములు. ఎనిమిది రౌండ్లు, అంటే తూటాలు పడతాయి. రెండంగుళాల లోపు బ్యారెల్. అంగట్లో చేతికిస్తే ఎవరైనా "భలే తేలిగ్గా ఉందే" అంటారు. కానీ దాని హ్యామర్ లోపలే దాగి ఉంటుంది, వేలితో వెనక్కి లాగి పెట్టుకునే వీల్లేదు. ప్రతి రౌండుకీ ట్రిగ్గర్ మొదటినుంచి చివరిదాకా లాగాల్సిందే. తుపాకీ తేలికైనకొద్దీ ఆ లాగుడికి మూతి అటూ ఇటూ ఊగుతుంది. పొట్టి బ్యారెల్ కాబట్టి గురి చూసుకునే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ, గురిలో చిన్న పొరపాటు కూడా టార్గెట్ మీద పెద్దదైపోతుంది. ఎల్‌సీఆర్‌ఎక్స్ అనే రకానికి హ్యామర్ బయటికుంటుంది, అదే కొనేట్టయితే కొంత నయం. అయినా ఇది చెయ్యి తిరిగినవాళ్ళు ఇష్టపడి కొనుక్కునే వస్తువు. బంధువులకి మొదటి తుపాకీగా ఇవ్వకండి.

617 దీనికి పూర్తిగా ఎదురు. స్టెయిన్‌లెస్ స్టీలు, నాలుగంగుళాల బ్యారెల్‌తో సుమారు 39 ఔన్సులు, కిలో దాటుతుంది. ఆరంగుళాలదైతే ఇంకా బరువు, అదీ మూతి వైపు. పది రౌండ్ల సిలిండర్, అంటే తూటాలు పట్టే గదులతో గుండ్రంగా తిరిగే భాగం. వెనక సైటుని స్క్రూ తిప్పి పైకీ కిందకీ, పక్కకీ సర్దుకోవచ్చు. పెద్దవాళ్ళ కళ్ళకి ఇది చాలా ముఖ్యం. చత్వారం వచ్చాక దగ్గరున్న ముందు సైటు మసగ్గా కనిపిస్తుంది. బ్యారెల్ కాస్త పొడవుంటే ఆ సైటు కంటికి దూరం జరిగి కొంచెం తేటపడుతుంది. ఆ లెక్కన ఆరంగుళాలదే మేలనిపిస్తుంది గానీ, చెయ్యి చాపి పట్టుకున్నప్పుడు ఆ ముందు బరువు మణికట్టు మీద పడుతుంది. బాబాయి లాంటివాళ్ళకి నాలుగంగుళాలదే సరి.

617 ట్రిగ్గర్ కూడా పూర్తిగా లాగితే బరువైనదే. కానీ హ్యామర్ బయటికుంది. బొటనవేలితో హ్యామర్ వెనక్కి లాగి పెట్టుకుంటే, ఆ తర్వాత ట్రిగ్గర్ చూపుడువేలి మొనకే లొంగిపోతుంది, కొద్దిగా కదిలిస్తే చాలు. వేలు బాగున్న రోజు పూర్తిగా లాగి కాల్చవచ్చు, వాచిన రోజు బొటనవేలితో పని కానివ్వవచ్చు. ఒకే తుపాకీలో రెండు దారులూ ఉండటం ఎంత ఉపయోగమో కీళ్ళవాతం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. .22 బుల్లెట్ల మీద మైనం లాంటి పూత ఉంటుంది, పైగా మసి ఎక్కువ. ఓ వంద రౌండ్లు కాల్చేసరికి సిలిండర్ గదుల్లో జిగురు పేరుకుపోతుంది. కాలిన గొట్టాలు పదీ ఒకేసారి బయటికి రావాలి కాబట్టి ఎజెక్టర్ కడ్డీని అరచేత్తో ఒక్క దెబ్బ వెయ్యాల్సి వస్తుంది. మెల్లగా నొక్కితే సగం దాకా వచ్చి ఆగుతాయి, ఒక్కోసారి ఒక గొట్టం వాటిని తోసే నక్షత్రం ఆకారపు పలక కిందకి జారి ఇరుక్కుంటుంది కూడా. మధ్యమధ్యలో కంచు బ్రష్ ఒకసారి గదుల్లోంచి తోలితే ఈ బాధ ఉండదు. బహుమతితోపాటు ఆ బ్రష్ కూడా ఇవ్వండి. ఇంకో చిన్న ముచ్చట: యాభై రౌండ్ల పెట్టె పది గదుల సిలిండర్‌కి సరిగ్గా ఐదుసార్లు సరిపోతుంది. ఆరు గదులదైనా ఎనిమిది గదులదైనా చివర్లో రెండు మిగులుతాయి.

ధర మాత్రం తక్కువేం కాదు. కొత్తది దాదాపు వెయ్యి డాలర్ల దాకా అవుతుంది.

రాంగ్లర్ 2019లో వచ్చినప్పుడు కంపెనీ పెట్టిన ధర 249 డాలర్లు. ఇది సింగిల్ యాక్షన్, అంటే ప్రతి రౌండుకీ ముందు హ్యామర్ లాగి పెట్టాల్సిందే. ట్రిగ్గర్ చేసే పని హ్యామర్‌ని వదలడం ఒక్కటే. సుమారు 30 ఔన్సులు, ఆరు రౌండ్లు. చూపుడువేలు బలహీనంగా ఉండి బొటనవేలు గట్టిగా ఉన్నవాళ్ళకి దీని ధరలో ఇంతకన్నా మంచిది నాకు కనపడలేదు. బొటనవేలి మొదట్లోనే నొప్పి ఉంటే మాత్రం ఇది శిక్షే. అలాంటివాళ్ళకి ఈ మూడింట్లో ఏదీ నప్పదు, .22 పిస్టల్ (సిలిండర్ లేని, తూటాలు తనంతట తానే ఎక్కించుకునే తుపాకీ) వైపు చూడటం మేలు.

రౌండ్లు నింపడం ఇందులో ఓ తీరిక వ్యవహారం. కుడిపక్కనున్న చిన్న తలుపు తెరిస్తే సిలిండర్ వదులవుతుంది. చేత్తో ఒక్కో గదీ తలుపుకి ఎదురుగా తిప్పుకుంటూ, ఒక్కో రౌండూ వేసుకోవాలి. కాల్చాక బ్యారెల్ కింది కడ్డీతో ఒక్కో గొట్టాన్నీ బయటికి తొయ్యాలి. హడావుడి పడేవాళ్ళకి విసుగే. నేర్చుకునేవాళ్ళకి మాత్రం ఈ నెమ్మదే మంచిది, ఏ గదిలో ఏముందో ప్రతిసారీ కళ్ళారా చూస్తారు. పక్కన కూర్చుని నేర్పేవాళ్ళకి కూడా గుండె కుదురుగా ఉంటుంది.

రాంగ్లర్ లోటు సైట్లే. వెనక సైటు ఫ్రేము పైన కోసిన గాడి, అంతే. బుల్లెట్లు రెండంగుళాలు ఎడమకి పడుతున్నాయంటే సర్దుకునే స్క్రూ లేదు, మనమే పక్కకి గురిపెట్టాలి. సింగిల్ సిక్స్ కొంటే సర్దుకునే సైట్లు వస్తాయి, స్టీలు ఫ్రేము, ధర మాత్రం రెండింతలు పైనే. దానితో చాలావరకు రెండో సిలిండర్ కూడా ఇస్తారు, .22 మాగ్నమ్ అనే ఇంకాస్త బలమైన తూటా కోసం. ఆకర్షణగానే ఉంటుంది గానీ, నన్నడిగితే పెద్దవాళ్ళ ఇంట్లో ఆ రెండో సిలిండర్ వద్దు. లాంగ్ రైఫిల్ రౌండ్లు మాగ్నమ్ గదుల్లోకి కూడా జారిపోతాయి. వదులుగా కూర్చున్న ఆ గొట్టం పేలినప్పుడు చీలిపోయి వేడి గ్యాసు బయటికి చిమ్ముతుంది. ఏ సిలిండర్ ఎక్కించామో గుర్తుపెట్టుకోవాల్సిన పని వాళ్ళకి ఎందుకు తగిలించడం?

పాత సింగిల్ సిక్స్ కొంటే మరీ జాగ్రత్త. 1953 నుంచి 1973లో డిజైన్ మార్చేదాకా తయారైనవాటిలో ట్రాన్స్‌ఫర్ బార్ లేదు, అంటే ట్రిగ్గర్ లాగితేనే హ్యామర్ దెబ్బ తూటాకి చేరేలా చూసే భాగం. హ్యామర్ కింద రౌండు ఉండగా తుపాకీ చేజారి హ్యామర్ మీద పడితే పేలగలదు. రూగర్ కంపెనీకి పంపితే ఉచితంగా కొత్త భాగాలు అమర్చి ఇస్తుంది. అది జరిగిందో లేదో చూడకుండా ఎవరికీ ఇవ్వకండి. హెరిటేజ్ రఫ్ రైడర్ రాంగ్లర్ కన్నా చవక. కానీ దాని పక్కనున్న సేఫ్టీ మీట గుర్తుపెట్టుకోవాల్సిన ఇంకో బరువు, నేను పక్కన పెట్టేశాను.

ఏది కొన్నా నేర్పాల్సిన సంగతి ఒకటి. రిమ్‌ఫైర్‌లో అప్పుడప్పుడూ రౌండు పేలదు. రివాల్వర్ కదా అని వెంటనే మళ్ళీ ట్రిగ్గర్ లాగితే సిలిండర్ తిరిగి, ఆ పేలని రౌండు పక్కకి పోతుంది. ఆలస్యంగా పేలిందంటే బ్యారెల్‌కి ఎదురుగా లేనిచోట పేలుతుంది. మూతి టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. ఇది వందసార్లు చెప్పినా తప్పులేదు.

బాబాయికి నేను ఖాయం చేసింది నాలుగంగుళాల 617. వెయ్యి డాలర్లు పెట్టలేకపోతే నిస్సందేహంగా రాంగ్లర్.

ఇక చట్టం. మన తెలుగువాళ్ళు అందరికన్నా ఎక్కువగా ఇక్కడే తప్పు చేసే అవకాశం ఉంది. హెచ్ వన్ బీ, ఎఫ్ వన్, విజిటర్ వీసా మీద ఉన్న బంధువులకి తుపాకీ ఇవ్వడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి గానీ, వాటిని నమ్ముకుని బహుమతులివ్వకండి, ముందు లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు రేంజ్‌కి తీసుకెళ్ళి సరదాగా చేతికిద్దామనుకునేవాళ్ళు కూడా ఆలోచించుకోవాలి. చేతిలో పట్టుకోవడం కూడా చట్టం దృష్టిలో కలిగి ఉండటమే.

మీ సొంత డబ్బుతో కొని నిజంగా బహుమతిగా ఇస్తే, డీలర్ దగ్గర నింపే ఫారం 4473లో అసలు కొనుగోలుదారు మీరేనని రాయవచ్చు. కానీ "నువ్వు కొను, డబ్బులు నేనిస్తా" అని బాబాయి అంటే అది బహుమతి కాదు. 2014లో సుప్రీం కోర్టు తేల్చిన అబ్రామ్‌స్కీ కేసు అచ్చంగా ఇదే: అబ్రామ్‌స్కీ అనే ఆయన తన అంకుల్ కోసం, ఆయనిచ్చిన చెక్కుతో హ్యాండ్‌గన్ కొన్నాడు. ఇద్దరికీ తుపాకీ ఉంచుకునే అర్హత ఉంది. అయినా ఫారంలో అబద్ధం రాసినట్టేనని 5-4 తేడాతో తీర్పొచ్చింది. కాబట్టి బాబాయి ఎంత మొహమాటపడ్డా, సగం డబ్బు ఇస్తానన్నా పుచ్చుకోకండి.

ఆయన వేరే రాష్ట్రంలో ఉంటే, పండక్కి వెళ్తూ వెంట తీసుకెళ్ళి చేతికివ్వడం కుదరదు. ఆయన రాష్ట్రంలోని లైసెన్సున్న డీలర్ ద్వారానే చేరాలి, అక్కడ ఆయన పేరున నేపథ్య తనిఖీ జరగాలి. రాష్ట్రాల నిబంధనలు మళ్ళీ వేరు. న్యూజెర్సీలో హ్యాండ్‌గన్‌కి ముందే పర్మిట్ కావాలి, ఇల్లినాయిలో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని గుర్తింపు కార్డు) ఉండాలి. కాలిఫోర్నియాలో డీలర్ కొత్తగా అమ్మే హ్యాండ్‌గన్ రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉండాలి, కొలతలు సరిపోయిన సింగిల్ యాక్షన్ రివాల్వర్లకి మాత్రం మినహాయింపు ఉంది. అక్కడుండే బంధువుల విషయంలో ఆ ఒక్క కారణంతోనే రాంగ్లర్ వైపు మొగ్గవచ్చు. ఈ తతంగం వద్దనుకుంటే ఆ ఊరి డీలర్ దగ్గర గిఫ్ట్ కార్డు కొనిచ్చేస్తే సరి. ఫారం ఆయనే నింపుకుంటారు, తుపాకీ చేత్తో పట్టి చూసుకుని మరీ కొనుక్కుంటారు. నిజానికి చాలామందికి నేనిదే చెప్తాను.

చెప్పాపెట్టకుండా ఇచ్చి ఆశ్చర్యపరచాల్సిన బహుమతి కాదిది. పిన్నిని అడగండి. ఇంటికి మనవలు వస్తూ పోతూ ఉంటారా, ఈ మధ్య పెద్దాయన మతిమరుపు ఎక్కువైందా, మనసు దిగులుగా ఉంటోందా, అవన్నీ తెలుసుకోండి. వీటిలో ఏ ఒక్కదానికి అనుమానం తగిలినా మానుకోండి, రేంజ్ సభ్యత్వం కట్టండి, అక్కడే అద్దెకి తీసుకుని కాల్చుకుంటారు. అన్నీ సవ్యంగా ఉంటే తుపాకీతోపాటు తాళం పెట్టె, చెవులకి మఫ్లు, కళ్ళద్దాలు కలిపి ఇవ్వండి. డీలర్లు అమ్మేటప్పుడు ఇచ్చే కేబుల్ తాళంతో సరిపెట్టకండి. కణుపులు వాచిన వేళ్ళకి సన్న తాళంచెవి తిప్పడం కష్టం, పెద్ద మీటలు నొక్కి తెరిచే పెట్టె చూడండి. కోడ్ ఆయనకీ పిన్నికీ తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.