టారో యాప్ మేలా, చేతిలో డెక్ మేలా?

“రోజూ ఒక కార్డు తీసి చూసుకోవాలనుకుంటున్నాను. యాప్ సరిపోతుందా, డెక్ కొనాలా?” ఈమధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. నేను ఏడాదిన్నర పాటు యాప్ మాత్రమే వాడాను. ఐదు నెలల క్రితం డెక్ కొన్నాను. రెండూ వాడి చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. టారో అంటే బొమ్మలున్న 78 కార్డుల కట్ట, ఆ కట్టనే డెక్ అంటారు; చాలామంది దాన్ని జోస్యానికి వాడతారు. నేను మాట్లాడేది జోస్యం గురించి కాదని ముందే చెప్పాలి. ఉద్యోగం వస్తుందా, పెళ్లెప్పుడు అని అడిగేవారికి ఈ పోలిక పనికిరాదు. పొద్దున్నే ఒక బొమ్మ ముందు పెట్టుకుని, నిన్న ఎలా గడిచింది, ఇవాళ నా మనసు ఎక్కడుంది అని చూసుకునేవారి కోసం రాస్తున్నాను. టారో పుట్టింది కూడా 15వ శతాబ్దపు ఇటలీలో పేకముక్కల ఆటగానే. జోస్యానికి వాడటం ఊపందుకున్నది 18వ శతాబ్దంలో. కాబట్టి నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ కార్డులు మనకు ఉపయోగపడతాయి.

సౌకర్యం సంగతి త్వరగా తేల్చేద్దాం, అందులో యాప్‌దే పైచేయి. 78 కార్డులూ జేబులో ఉంటాయి. ప్రయాణంలో పరుచుకోవడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న బెరుకూ ఉండదు. ఈ అలవాటు మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి యాప్‌తో మొదలుపెట్టడంలో తప్పేమీ లేదు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

“ఫోన్ తీసే కార్డులో నా చేతి స్పర్శ ఉండదు కదా” అని కొందరు సందేహపడతారు. మనల్ని మనం చూసుకోవడానికి ఏ కార్డు వచ్చినా పనికొస్తుంది, అందుకే ఈ సందేహం నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. పైగా కలపడంలో యాప్ మనకన్నా నయం. 52 ముక్కల పేక బాగా కలవాలంటే, రెండు భాగాలు చేసి ఒకదానిలోకి ఒకటి జొనిపి కలపడం ఏడుసార్లు జరగాలని డేవ్ బేయర్, పెర్సీ డయాకొనిస్ అనే గణిత శాస్త్రవేత్తలు 1992లో లెక్కగట్టారు. 78 కార్డుల్ని మనం నిద్రమత్తులో మూడు నాలుగుసార్లు అటూ ఇటూ చేసి ఊరుకుంటాం.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. “అదే కార్డు మళ్లీ వచ్చింది, నాకేదో చెబుతోంది” అని కంగారుపడేవాళ్లను చాలామందిని చూశాను. ప్రతిరోజూ మొత్తం 78 కార్డుల్లోంచి ఒకటి తీస్తూ పోతే, 11 రోజుల్లోపే ఏదో ఒక కార్డు రెండోసారి రావడానికి సగానికి పైగా అవకాశం ఉంది. అదే పద్ధతిలో అన్ని కార్డులూ కనీసం ఒక్కసారి కనపడాలంటే సగటున 385 రోజులు పడుతుంది. డెక్ ఉంటే ఇంకో దారి ఉంది. తీసిన కార్డును మళ్లీ కలపకుండా పక్కన పెట్టేస్తే 78 రోజుల్లో అన్నిటినీ చూసేస్తాం. నాకు ఇప్పుడు రెండో విడత ముగింపుకొచ్చింది. ఇష్టంలేని కార్డులతో కూడా ఒక ఉదయం గడపాల్సి రావడం వల్ల నాకు మంచే జరిగింది.

ఇవన్నీ పక్కన పెడితే, నా దృష్టిలో ఈ పోలికను తేల్చేది ఒకే ఒక్క విషయం: బొమ్మ కనిపించిన ఎంతసేపటికి దాని అర్థం కనిపిస్తుంది?

యాప్‌లో కార్డు తిరగబడుతుంది, మరుక్షణం కింద నాలుగు వాక్యాలు వచ్చేస్తాయి. కన్ను అక్షరాల మీదికి వెళ్లిపోతుంది. చదువుతాం, “నిజమే” అనుకుంటాం, మూసేస్తాం. ఏడాదిన్నరలో నేను కొన్ని వందల కార్డులు తీశాను. వాటిలో ఎన్ని బొమ్మల్ని సరిగ్గా చూశానని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఆ “నిజమే” అనే మాటను కూడా అంతగా నమ్మకూడదు. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, మీ ఫలితం ఇదీ అని ఒక్కొక్కరికి ఒక కాగితం ఇచ్చాడు. అది మీకు ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయండి అంటే సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులోని వాక్యాలు ఎక్కువగా ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. యాప్‌లో కార్డు కింద ఉండే వాక్యాలూ ఆ కోవలోవే. ఎవరికైనా సరిపోతాయి, అందుకే మనకీ సరిపోతాయి. దానివల్ల మన గురించి మనకు కొత్తగా ఏమీ తెలియదు.

డెక్‌లో బొమ్మ ఒక్కటే ఉంటుంది. 1909లో లండన్‌లో వచ్చిన రైడర్-వెయిట్ డెక్‌కు పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీసింది. అంతకుముందు వాడుకలో ఉన్న డెక్‌లలో ఫైవ్ ఆఫ్ కప్స్ అంటే చాలావరకు ఐదు కప్పుల బొమ్మే, మన పేకముక్కల్లాగే. టారోలో పేకముక్కల్లా నాలుగు రకాలుగా ఉండే 56 కార్డుల్ని మైనర్ ఆర్కానా అంటారు. ఆవిడ వాటిలోని అంకెల కార్డులకూ మనుషులతో, సన్నివేశాలతో బొమ్మలు ఇచ్చింది. ఫైవ్ ఆఫ్ కప్స్‌లో నల్లని బట్ట కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడి ఉంటాడు. ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి, వెనక రెండు నిలబడే ఉంటాయి. కాస్త దూరంలో ఏటి మీద వంతెన. ఆ రోజు మీ కన్ను ముందుగా దేని మీద పడింది? ఒలికిన కప్పుల మీదా, వంతెన మీదా? నాకు ఆ జవాబే కావాలి. కింద అర్థం రాసి ఉంటే ఆ జవాబు పుట్టే అవకాశమే ఉండదు.

నా అనుభవమే చెబుతాను. యాప్‌లో టెన్ ఆఫ్ వాండ్స్ (పది కర్రలు) అనే కార్డు నాకు చాలాసార్లు వచ్చింది. “భారం ఎక్కువైంది, పనులు పంచుకోండి” అని ఉండేది. అవును, పని ఎక్కువే అనుకుని ఆఫీసుకు వెళ్లిపోయేదాన్ని. డెక్ కొన్న మూడో వారంలో అదే కార్డు వచ్చింది. ఐదు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను. బొమ్మలో ఒక మనిషి పది కర్రల్ని ఒక్క కట్టగా ఎదురుగా పట్టుకుని వంగి నడుస్తున్నాడు, అతని ముఖం ఆ కర్రల్లోనే కూరుకుపోయి ఉంది. దారి కనబడదు. భుజం మీద వేసుకోవచ్చు కదా, ఇలా పట్టుకోమని ఎవరన్నారు అనిపించింది. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాను. నా పక్క సీటు అమ్మాయి చేసిన ప్రతి ఫైలూ రెండోసారి చూడమని నన్ను ఎవరూ అడగలేదు. నేనే చూస్తున్నాను, నేనే అలిసిపోతున్నాను. ఆ వారమే మానేశాను. పని ఎక్కువైందని యాప్ చెప్పింది నిజమే, కానీ నాకు తెలియాల్సింది అది కాదు.

దీనికి దగ్గరి సమస్య ఇంకోటి ఉంది: మళ్లీ తీయడం. కార్డు నచ్చకపోతే యాప్‌లో ఒక్క నొక్కుతో ఇంకోటి వస్తుంది. మనసు బాగోలేని రోజున నేను వరుసగా ఆరేడు తీసిన సందర్భాలున్నాయి, ప్రతిదానితో టెన్షన్ పెరిగిందే తప్ప తగ్గలేదు. డెక్‌తో ఆ ఇబ్బంది పూర్తిగా పోదు కానీ, మళ్లీ కలిపి తీసేలోపు నేనేం చేస్తున్నానో నాకు తెలుస్తుంది. అలాంటి రోజుల్లో రెండూ పక్కన పెట్టి దగ్గరివాళ్లతో మాట్లాడటం మేలు.

యాప్‌కు నిజంగా ఘనత ఇవ్వాల్సిన చోటు ఒకటుంది, అది పాత నోట్స్. వెనక్కి వెళ్లి వెతికితే, నెలాఖరు వారంలో నేను రాసుకున్న దాదాపు ప్రతి నోట్‌లోనూ నిద్ర సరిపోలేదనే ఉంది. కాగితం పుస్తకంలో ఆ సంగతి నాకు కనిపించేది కాదు. అయితే ఫోన్‌లో నేను రాసేవి రెండు మూడు మాటలే, పుస్తకంలో అరపేజీ వస్తుంది. ఇంకొకటి, ఫోన్ మార్చినప్పుడు నాలుగు నెలల నోట్స్ పోయాయి. మీ యాప్‌లో నోట్స్ బయటికి కాపీ చేసుకునే వీలుందా, అవి ఫోన్‌లోనే ఉంటాయా, వేరే సర్వర్‌కు వెళ్తాయా అన్నది ముందే చూసుకోండి. మనసులోని మాటలవి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. యూట్యూబ్‌లో “ఒక కార్డు ఎంచుకోండి” వీడియోల్లో ఆలోచించేది అవతలి మనిషి. ఒరాకిల్ కార్డుల్లో (టారోలాంటి స్థిరమైన పద్ధతి లేని వేరే బొమ్మల కార్డులు) చాలావాటికి సందేశం కార్డు మీదే అచ్చువేసి ఉంటుంది, యాప్‌తో ఉన్న చిక్కే ఇక్కడా ఉంది. మన సమస్య టైప్ చేస్తే ఏఐ రాసిచ్చే వివరణలు చదవడానికి హాయిగా ఉంటాయి, కానీ మన మాటలే మెరుగుపెట్టి మనకే తిరిగిస్తాయి.

యాప్‌తోనే ఉంటాననేవారు ఒక్క పని చేయండి. కార్డు రాగానే బొమ్మను పెద్దది చేసి, కింది అక్షరాలు తెర దాటిపోయేలా చూసుకోండి. బొమ్మలో ఏం జరుగుతోందో ముందు మీ మాటల్లో రెండు వాక్యాలు రాసి, ఆ తర్వాతే అర్థం చదవండి. ప్రయాణాల్లో నేను ఇప్పటికీ ఇలాగే చేస్తాను.

డెక్ కొనేవారు మైనర్ కార్డులకూ సన్నివేశాలున్నదే తీసుకోండి. మార్సెయ్ పద్ధతి అనే పాత ఫ్రెంచ్ తరహా డెక్‌లలో అంకెల కార్డులకు గుర్తులు మాత్రమే ఉంటాయి, ఈ పనికి కష్టం. ఫ్రీడా హారిస్ బొమ్మలు వేసిన థోత్ డెక్ చాలా అందంగా ఉంటుంది, నాకూ మనసు లాగింది. కానీ అందులో త్రీ ఆఫ్ స్వోర్డ్స్ మీద “దుఃఖం”, నైన్ ఆఫ్ స్వోర్డ్స్ మీద “క్రూరత్వం” అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటుంది. అందుకే వద్దనుకున్నాను. ఏ డెక్ కొన్నా, పెట్టెలో వచ్చే, అర్థాలు రాసి ఉండే చిన్న పుస్తకాన్ని మొదటి నెల అందులోనే ఉండనివ్వండి.