ఏప్రిల్‌లో 5 శాతం తగ్గింపా, యాభై రూపాయల పన్నా? చిన్న ఇంటికి ఏది మేలు?

ఏప్రిల్ వచ్చిందంటే వార్డు సచివాలయాల్లో వినిపించే మాట ఒకటే: ‘ఈ నెల 30లోగా ఏడాది ఇంటిపన్ను మొత్తం కట్టేయండి, 5 శాతం తగ్గుతుంది.’ కర్నూలులోనైనా అనంతపురంలోనైనా కడపలోనైనా ఇదే మాట. కూలి డబ్బులతో సంసారం ఈదే ఇంటికి ఆ తగ్గింపు ఎంతవరకు అక్కరకొస్తుందో, చాలా చిన్న ఇంటికి వేసే యాభై రూపాయల పన్ను లాంటి మిగతా వెసులుబాట్లు ఎంత మేలో కాగితం మీద లెక్క వేస్తేనే తెలుస్తుంది.

ఏడాదికి 1,800 రూపాయల పన్ను పడే ఇల్లు తీసుకుందాం. అరసంవత్సరానికి 900 చొప్పున రెండు వాయిదాలు. మొదటిదానికి గడువు జూన్ 30, రెండోదానికి డిసెంబరు 31. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ. చేతిలో డబ్బున్న ఇంటివాళ్లు ఏప్రిల్‌లోనే కట్టేస్తే 90 రూపాయలు తగ్గి 1,710తో సరిపోతుంది. అదే పన్ను పడిన మరో ఇంటివాళ్లు మార్చి నెలాఖరుకు గాని డబ్బు కూడబెట్టలేకపోతే మొదటి 900కు తొమ్మిది నెలల వడ్డీ 162, రెండో 900కు మూడు నెలల వడ్డీ 54 కలిసి 2,016 అవుతుంది. ఇల్లూ ఒకటే, పన్నూ ఒకటే, తేడా మాత్రం 306 రూపాయలు. లేనివాళ్ల మీద దాదాపు 18 శాతం ఎక్కువ పడింది. ఈ రాయితీలో నాకు కనిపించే అసలు అన్యాయం ఇదే. తగ్గింపు ఇచ్చేది పేదరికం చూసి కాదు, ఏప్రిల్‌లో చేతిలో ఉన్న నగదు చూసి. పన్నెండు వేల పన్ను కట్టే మేడకు అదే 5 శాతం కింద 600 తగ్గుతుంది.

అప్పు తెచ్చి కట్టడం మేలా అంటే, తెచ్చే వడ్డీని బట్టి ఉంటుంది. ముందే కట్టడమంటే ఒక 900ను రెండు నెలలు, ఇంకో 900ను ఎనిమిది నెలలు ముందు వదులుకోవడం. మూడు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీకే 54, 216 కలిపి 270 పోతుంది. తగ్గింపుతో కలిసొచ్చేది 90. సంఘంలో రూపాయి వడ్డీకి తెచ్చినా 18, 72 కలిసి సరిగ్గా 90 రూపాయలే, పైసా మిగలదు. కాబట్టి డబ్బు ఇంట్లో ఊరికే ఉంటేనే ఏప్రిల్‌లో కట్టాలి. లేదంటే 900 జూన్ లోపల, 900 డిసెంబరు లోపల కట్టి వడ్డీ పడకుండా చూసుకోవడమే తెలివైన పని. బడి ఫీజులూ జూన్‌లోనే వస్తాయి గనక ఆ మొదటి 900ను మే నెలలోనే తీసి పక్కన పెట్టుకోవడం మంచిది.

ఇక యాభై రూపాయల పన్ను. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువ లెక్క పోయి మూలధన విలువ లెక్క వచ్చింది. అంటే స్థలం, కట్టడం కలిపి వేసిన విలువ మీద నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం దాకా పన్ను. ఆ మార్పు తెచ్చిన ఉత్తర్వులోనే 375 చదరపు అడుగుల ప్లింత్ ఏరియా (గోడలతో సహా కట్టడం పరిచిన నేల) మించకుండా, యజమానే కాపురం ఉండే ఇంటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. ఆదాయం అడగరు, కార్డు అడగరు, ఏప్రిల్‌లోనే కట్టాలన్న షరతూ లేదు. పేదింటికి ఇప్పుడున్న వెసులుబాట్లలో అన్నిటికంటే మేలైనది ఇదే.

దీన్ని పూర్తి మినహాయింపు చేయాలని కొందరంటారు. ముంబయిలో 500 చదరపు అడుగుల లోపు ఇళ్లకు 2022లో పన్ను తీసేశారు. మన దగ్గర మాత్రం యాభై రూపాయలే నయం. కరెంటు మీటరుకు, బ్యాంకు అప్పుకు అడిగేది ఇంటిపన్ను రసీదు. అది హక్కు పత్రం కాకపోయినా, పట్టా తప్ప మరే కాగితమూ లేని వాళ్లకు ఏటా ఆ రసీదు అందడం పెద్ద ఆసరా.

తంటా అంతా ఆ 375 గీత దగ్గరే. 15 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు ఉంటే లెక్క నిండిపోతుంది, గోడల మందంతో సహా. పట్టణాల్లో సెంటు స్థలంలో కట్టిన ప్రభుత్వ కాలనీ ఇల్లు 340 చదరపు అడుగులు. వెనక ఆరడుగులకు ఆరడుగుల స్నానాల గది కట్టుకుంటే 376. ఒక్క అడుగు పెరిగినందుకు యాభై పోయి పూర్తి పన్ను వచ్చి పడుతుంది. ఇంటి విలువ ఆరు లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే అది 720 రూపాయలు. ప్రభుత్వం పట్టణ పేదలకు కట్టించిన టిడ్కో ఇళ్లలో 300, 365 అడుగులవి గీతకు లోపలే, 430 అడుగులవి బయట. 365 వాళ్లకు మిగిలింది పది అడుగులే గనక డిమాండు నోటీసులో ప్లింత్ ఏరియా ఎంత రాశారో తప్పకుండా చూసుకోవాలి. ముందు గది అంగడి చేసినా, ఒక గది అద్దెకిచ్చినా యజమాని నివాసం అన్న మాట దగ్గరే పేచీ వస్తుంది.

తెలంగాణ వాళ్లు గీతను వేరే చోట గీశారు. 2019 పురపాలక చట్టంలో 75 చదరపు గజాల లోపు స్థలంలో, కింది అంతస్తు, దాని మీద ఇంకో అంతస్తు దాకా ఉన్న నివాసానికి ఏడాదికి 100 రూపాయలు. కొలిచేది కట్టడాన్ని కాదు, స్థలాన్ని. సెంటు అంటే 48.4 గజాలు, ఒకటిన్నర సెంటు 72.6 గజాలు. రెండూ ఆ లెక్కలో ఇముడుతాయి. కొడుకు పెళ్లికి మిద్దె మీద గది వేసుకున్నా పన్ను మారదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తెలంగాణ కొలతే న్యాయంగా తోస్తుంది, యాభైకి బదులు వందైనా సరే. ఇల్లు పెంచుకోవడం పేదవాళ్లకు విలాసం కాదు, కాపురం పెరిగిందని అర్థం. స్థలం కొలిస్తే కొలతల గొడవలూ తగ్గుతాయి, పట్టాలోనే ఉంటుంది గనక.

ఢిల్లీ పద్ధతి ఇంకోటి: సొంతంగా ఉండే ఇంటికి 200 చదరపు మీటర్ల వరకు వృద్ధులకు, మహిళలకు, వికలాంగులకు 30 శాతం తగ్గింపు. ఇక్కడా అదే పెడితే, మన కాలనీ పట్టాలు ఆడవాళ్ల పేరిటే ఉన్నాయి కాబట్టి బాగానే అందుతుంది. కాని భార్య పేరిట మేడ రాయించుకున్న వాళ్లకూ అంతే అందుతుంది. బియ్యం కార్డుకు ముడిపెడితే ఆ లోటు కొంత తీరుతుంది. ఆ కార్డుకు పట్టణాల్లో నెల ఆదాయం 12,000 మించకూడదు, సొంత ఇల్లు వెయ్యి చదరపు అడుగులకు లోపు ఉండాలి, కరెంటు వాడకం 300 యూనిట్లు దాటకూడదు. ఇందులో కూడా ఒక చిక్కుంది. మూడు కాపురాలకు ఒకే మీటరున్న పాత ఇళ్లలో యూనిట్లు దాటి కార్డే పోతుంది. అందుకే కార్డును ఏకైక తాళంగా పెట్టకూడదు. 375 దాటిన వాళ్లకు మాత్రం కార్డు చూపితే మొదటి 375 అడుగులకు యాభై, మిగతాదానికి మామూలు పన్ను వేస్తే చాలు. 600 అడుగులకు 1,800 కట్టే ఇంటికి 725 అవుతుంది. ఏప్రిల్ తగ్గింపు కలిసొచ్చే 90తో దీన్ని పోల్చుకోండి.

ఏటా పన్ను పెంపు మీద ఉన్న 15 శాతం పరిమితిని చాలామంది రాయితీగా లెక్కేస్తారు. అది నెమ్మదిగా పెంచడమే తప్ప తగ్గించడం కాదు. వరుసగా ఐదేళ్లు అలా పెరిగితే వెయ్యి రెండు వేల పదకొండవుతుంది. పైగా అది పాత పన్ను ఉన్న ఇళ్లకే. ఊరి నడిబొడ్డున ఏనాడో తక్కువ పన్ను వేయించుకున్న పెద్ద ఇంటికి దీనివల్ల ఎక్కువ మేలు. ఊరి చివర కొత్తగా కట్టిన చిన్న ఇంటికి మొదటి నోటీసులోనే పూర్తి పన్ను.

వడ్డీ మాఫీ సంగతి వేరు. 2025 మార్చిలో బకాయిల వడ్డీ సగం మాఫీ చేశారు. మన 1,800 ఇల్లు మూడేళ్లు కట్టకపోతే అసలు 5,400, వడ్డీ 1,944. సగం పోతే 972 మిగులుతుంది. చిక్కుల్లో పడిన ఇంటికి ఇది నిజమైన ఊరట, కాని లక్షలు ఎగ్గొట్టిన వాణిజ్య సముదాయానికీ ఇదే వర్తిస్తే సకాలంలో కట్టినవాళ్లు నష్టపోయినట్టే. మాఫీ వస్తుందని ఎదురుచూడటం మాత్రం తప్పు. ఎప్పుడు వస్తుందో చెప్పలేరు, వడ్డీ ఆగదు.

ఏ వెసులుబాటు అడగబోయినా ముందు నోటీసులో మూడు విషయాలు సరిచూసుకోవాలి. మొదటిది ప్లింత్ ఏరియా. టేపుతో బయటి గోడ నుంచి బయటి గోడకు మీరే కొలిచి కాగితం మీద గీసుకోండి. రెండోది కప్పు. మన ప్రాంతంలో కడప బండల మిద్దెలు, రేకుల ఇళ్లు ఎక్కువ. బండల కప్పును ఆర్‌సీసీ (కాంక్రీటు స్లాబు) అని రాస్తే విలువ పెరిగి పన్ను పెరుగుతుంది. మూడోది వాడకం, యజమాని నివాసమా అద్దెనా అన్నది. తప్పుంటే నోటీసులో రాసిన గడువులోగా అసెస్‌మెంటు నంబరు, పాత రసీదు, కప్పు కనిపించే ఫొటోలతో కమిషనర్ పేరిట అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోవాలి. వార్డు పరిపాలనా కార్యదర్శికి నోటితో చెప్పి ఊరుకుంటే అది రికార్డుకెక్కదు. ఇల్లు చనిపోయిన తండ్రి పేరిటే ఉంటే ముందు పేరు మార్పించుకోవాలి.

ప్లాను లేకుండా, బాండు పేపరు మీద కొన్న స్థలంలో కట్టుకున్న ఇళ్ల మాట ఎవరూ ఎత్తడం లేదు. పూర్తిగా అనుమతి లేని కట్టడానికి పన్ను మీద నూరు శాతం జరిమానా పడుతుంది. 1,800 కాస్తా 3,600 అవుతుంది, ప్రతి ఏడాదీ. అనుమతి లేని లేఅవుట్లలో స్థలం చవక గనకే అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది పేదలే. అనుమతి లేని కట్టడాలను రుసుము తీసుకుని సక్రమం చేసే క్రమబద్ధీకరణ పథకం తెరిచినప్పుడల్లా ఆ రుసుమును ఈ ఏటేటి 1,800 జరిమానాతో పోల్చి చూసుకోవాలి. రెండు మూడేళ్ల జరిమానాతో తీరిపోయేదైతే ఆలస్యం చేయకుండా దరఖాస్తు పెట్టేయడమే.