సలేశ్వరం నడకకు తీస్కున్న చిన్న సర్వైవల్ కిట్

ఆన్‌లైన్ల తీస్కున్న పౌచ్ ఇది, పావు కిలో గూడ లేదు, నడుముకు కట్టుకుంటే ఉన్నట్టే తెల్వది. విజిల్ అయితే సూపర్, నల్లమల అడవిలున్న సలేశ్వరం లోయల ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం, తప్పిపోతే మూడుసార్లు ఊది జర ఆగి మళ్ల మూడుసార్లు ఊదాలె, ఆపదల ఉన్నమని అది గుర్తు. ఫాయిల్ దుప్పటి పల్చగున్నా చలి ఆపుతది. నీళ్లు శుభ్రం చేసే క్లోరిన్ గోలీలు నీళ్లల్ల వేసినంక తాగేముందు అరగంట ఆగాలె, ఆ ముచ్చట ప్యాకెట్ మీద రాయనే లేదు, ఇది నాకు అస్సలు నచ్చలే.

ఓఆర్‌ఎస్ లేదు, మన పాలమూరు ఎండకు అదే ముఖ్యం, మెడికల్ షాపుల కొని పెట్టుకోండ్రి, లీటరు నీళ్లకు ఒక పెద్ద ప్యాకెట్. లైటర్ మాత్రం ఇంట్లనే తీసి పెట్టండ్రి, సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల నిప్పు పెట్టనియ్యరు, ఎండాకాలం గడ్డి ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటది.